ఎండకు మూసుకొని, వానకు తెరుచుకునే రిసార్టు: వరంగల్, ములుగు వైపు కట్టే తీరు

లక్నవరం, రామప్ప, పాకాల, బొగత చుట్టుపక్కల రెండు మూడెకరాల్లో కాటేజీలు వేయాలనుకునేవాళ్ళు ఆర్కిటెక్టు ముందు పెట్టే ఫొటోలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. బాలీలోనో శ్రీలంకలోనో గోడల్లేని భోజనశాల, పైన ఎత్తయిన గడ్డి కప్పు, ఎదురుగా నీళ్ళు. బాలీ భూమధ్యరేఖకు 8 డిగ్రీల దూరంలో, సముద్రం మధ్యన ఉంది. అక్కడ గాలిలో తేమ ఏడాది పొడుగునా ఎక్కువే, రాత్రికీ పగటికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. అలాంటి చోట గోడ తీసేసి గాలి ఆడనిస్తే చాలు. శ్రీలంకలో దంబుల్లా దగ్గర జెఫ్రీ బావా రూపకల్పనతో 1994లో పూర్తయిన కందలామ హోటల్ కూడా చెరువుకు ఎదురుగా, కొండ అంచున, తెరిచిన వసారాలతోనే నిలబడింది. ఆ వాతావరణం అందుకు ఒప్పుకుంటుంది.

వరంగల్ సముద్రానికి దూరంగా, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ మేలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. 40 దాటిన పొడిగాలిని ఎంత ఆడనిస్తే మనిషి అంత వాడిపోతాడు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉక్కపోత, డిసెంబరు తెల్లవారుజామున చలి. అందుకని ఇక్కడ ఆరుబయలు కట్టడం అంటే ఏడాదిలో దాదాపు తొమ్మిది నెలలు తెరిచి ఉంచి, మార్చి చివర నుంచి రోహిణి కార్తె దాకా పగటిపూట గట్టిగా మూయగలిగే కట్టడం. పాత భవంతి ఇళ్ళు చేసింది అదే: మందపాటి గోడల అర్రలు లోపల, తెరిచిన వసారా బయట, నడుమ ఆకాశానికి తెరుచుకున్న వాకిలి. రిసార్టుకు కూడా ఈ రెండు పొరల లెక్కే కుదురుతుంది. కూర్చునేది, తినేది తెరిచిన చోట. పడుకునేది మూయగలిగిన అర్రలో.

స్థలం: చెరువు ఎంత దగ్గర?

చెరువు కనబడాలని నీళ్ళ అంచుకు పోయి కట్టొద్దు. తెలంగాణ భవన నియమాల్లో పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. ఎండాకాలంలో నీళ్ళు ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచి కొలిచి మోసపోయేవాళ్ళున్నారు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి అలుగు దుంకే మట్టం. ఇరిగేషన్ శాఖ రికార్డు చూసి, రాళ్ళు పాతించుకొని, ఆ తర్వాతే ప్లాను గీయించాలి. ఏజెన్సీ మండలాల్లో 1/70 చట్టం కింద గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల పక్కనైతే అటవీశాఖ అనుమతి సంగతి ముందే తేల్చుకోవాలి.

వాన లెక్క కూడా సగటు చూసి వేయకూడదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంత వాన పడితే దాదాపు 60 వేల లీటర్లు ఒక్క రోజులో కిందికి దిగుతాయి. వాగు ఎప్పుడో ఒకసారి పారిన దారి ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుంది, వాళ్ళనడగండి. అరుగు మట్టం ఆ పారిన గుర్తు కన్నా కనీసం రెండడుగులు పైన ఉండాలి.

నల్లటి బండ గుట్టకు తూర్పున కాటేజీ పెడితే ఫొటోకు బాగుంటుంది, పడుకోవడానికి బాగుండదు. బండ పగలంతా కాగి రాత్రి పది దాకా వేడి వదులుతుంది, మేలో పడమటి గాలి ఆ వేడిని తెచ్చి తలుపులో పోస్తుంది.

చెట్ల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి: టేకు నీడను నమ్ముకోవద్దు. స్థలం నిండా టేకు ఉందని కప్పు పలచగా వేస్తారు. తీరా ఏప్రిల్ వచ్చేసరికి దానికి ఆకే ఉండదు. వేప, కానుగ ఎండలు ముదిరే ముందే చిగురించి చిక్కటి నీడనిస్తాయి. పడమటి గోడకు 15 అడుగుల దూరంలో కానుగ వరుస, దాని వెనక వేప పెట్టాలి. కట్టడం మొదలుపెట్టడానికి ఏడాది ముందే నాటితే ఇంకా మంచిది.

పునాది

చలక నేల, కింద మొరం తగిలే చోట మూడు, నాలుగడుగుల పునాది సరిపోతుంది. నల్లరేగడిలో కథ వేరు. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. మీద బరువు తక్కువున్న కట్టడాన్నే ఎక్కువ ఎత్తి కుదేస్తుంది. 1213లో కట్టిన రామప్ప గుడి పునాది గుంతలో ఇసుక నింపిన పద్ధతి గురించి చాలామందికి తెలుసు. అది చూసి నల్లరేగడిలో గుంత తవ్వి ఉత్త ఇసుక పోస్తే మాత్రం చిక్కే: చుట్టూ నీళ్ళు దిగని మట్టి, మధ్యలో ఇసుక ఉంటే వాన నీళ్ళన్నీ అందులో నిలుస్తాయి. దానికి బదులు నాలుగైదడుగులు నల్లమట్టి తీసేసి, ఉబ్బని ఎర్రమొరం ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరకూ రోలరో వైబ్రేటరో తిప్పాలి. చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా బండలు పరచాలి, గోడ పక్కకు నీళ్ళు దిగకూడదు. ఇది భోజనశాల లాంటి తేలిక కట్టడానికి. గోడలున్న అర్రలకైతే 12 అడుగుల లోతు అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, వేయించడం నయం. ఖర్చు పెరుగుతుంది కానీ ఏటా గోడలకు పగుళ్ళు పూడ్చే పని తప్పుతుంది.

ఇక గోడల్లేని కప్పుకు పునాది చేయాల్సిన పని ఇంకోటుంది. దాన్ని కింద పట్టి ఉంచాలి. లోపలికి దూరిన గాలి కప్పును కింది నుంచి పైకి తంతుంది. కట్టడాల మీద పడే గాలి లెక్కకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 పటంలో హైదరాబాద్‌కు గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు అడుగుకు దాదాపు 11 కిలోలు. స్తంభాలు పదేసి అడుగులకు ఒకటి ఉంటే ఒక్కో స్తంభం వంతు వంద చదరపు అడుగులు, అంటే 1,100 కిలోల లాగుడు. మంగళూరు పెంకు, కర్రతో కలిపి చదరపు అడుగుకు ఆరు కిలోలనుకుంటే 600 పోయి 500 కిలోలు మిగులుతుంది. గడ్డి కప్పైతే దాని బరువు అందులో సగమే, కాబట్టి మిగిలేది 800. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల మందం కాంక్రీటు దిమ్మ 1,200 కిలోలు తూగుతుంది, అది చాలు. మూల స్తంభాల మీద చూరు కూడా ఉంటుంది, గాలి అక్కడే ఎక్కువ చీలుతుంది, వాటికి ఇంకా పెద్ద దిమ్మ కావాలి. మీ చోటికి అసలు లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుతో వేయించండి. 2024 ఆగస్టు చివర్లో తాడ్వాయి, మేడారం అడవిలో గాలికి వేల చెట్లు ఒక్క పూటలో కూలాయి, కాబట్టి ఈ లెక్క కాగితానికే అనుకోవద్దు.

దిమ్మ ఎంత బరువున్నా కర్రకూ దిమ్మకూ ముడి లేకపోతే లాభం లేదు. దిమ్మలో ఆరు మిల్లీమీటర్ల మందం ఇనుప చెప్పు పాతి, కర్రను నేల నుంచి కనీసం ఆరంగుళాలు పైకి లేపి, 12 మిల్లీమీటర్ల బోల్టులు రెండు దూర్చాలి. కర్ర నేలను తాకిందంటే చెదలు రెండు వానాకాలాల్లో పని ముగిస్తాయి. రాతి కడీలు వాడితే చెద బాధ లేదు. అయితే కడీ తలలో రంధ్రం కొట్టి దూలాన్ని రాడ్డుతో కట్టాల్సిందే, ఊరికే మీద పెట్టి వదిలేయకూడదు. స్తంభానికీ దూలానికీ నడుమ మూలకట్టు కర్రలు రెండు దిక్కులా ఉండాలి. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఈ మూలకట్లే అలాంటప్పుడు పక్కకు ఒరగకుండా ఆపేవి.

కప్పు

ఖర్చులోనూ తలనొప్పిలోనూ పెద్ద వాటా దీనిదే.

వాలు ముందు తేల్చుకోండి. మంగళూరు పెంకుకు 30 డిగ్రీలు, గూనపెంకకు రెండు వరసలతో 30 నుంచి 35, గడ్డికి, తాటాకుకు 45. గడ్డి కప్పుకు వాలు తగ్గిస్తే నీళ్ళు జారిపోక లోపలికి ఇంకుతాయి, గడ్డి కుళ్ళుతుంది. కారడం మొదలయ్యాక పైన ఇంకో పొర వేయడం వల్ల ఉపయోగం లేదు. గడ్డి పొర ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఉండాలి. తాటాకు రెండు మూడేళ్ళకు మార్చాల్సి వస్తుంది. పది కాటేజీలకు ఏటా మూడోవంతు కప్పు మార్చే మనుషులు, ఆకు దొరుకుతాయా అని చూసుకోకుండా గడ్డి కప్పు ఎంచుకోవద్దు. వంటశాలకు గడ్డి కప్పు అసలే వద్దు. వంటశాలకూ ఏ గడ్డి కప్పుకూ నడుమ కనీసం 40 అడుగులు వదలాలి.

పెంకుకు ఇక్కడ పెద్ద శత్రువు కోతి. ఊళ్ళకు ఊళ్ళు పెంకులు తీసి రేకులు వేసుకున్నది కోతుల బాధకే. కిందా మీదా రెండు పొరలు వేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. కింద లేత రంగు కోటింగు రేకు, దాని మీద నిలువు బద్దీలు ఒకటిన్నర అంగుళం, వాటి మీద అడ్డ బద్దీలు, ఆపైన పెంకు. కోతి పెంకు జరిపినా వాన లోపలికి రాదు. పెంకుకూ రేకుకూ నడుమ సందులో వేడిగాలి పైకి పోతుంది కాబట్టి రేకు కాగదు. చూరు దగ్గరా కొప్పు దగ్గరా ఆ సందు తెరిచే ఉండాలి, జాలీ మాత్రం కొట్టాలి. చూరు వెంట మూడు వరసలు, కొప్పు పక్క రెండు వరసలు పెంకుకున్న రంధ్రంలోంచి జీఐ తీగతో బద్దీకి కట్టేయాలి. మంగళూరు పెంకులు చదరపు మీటరుకు 15 దాకా పడతాయి. పది శాతం ఎక్కువ తెప్పించి పక్కన పెట్టుకోండి, మళ్ళీ అదే కొలత దొరుకుతుందన్న నమ్మకం లేదు. బద్దీల దూరం పుస్తకం చూసి కొట్టకుండా వచ్చిన లారీలోంచి పది పెంకులు తీసి పరిచి కొలిచి కొట్టాలి.

కొప్పు దగ్గర వేడి బయటికి పోయే దారి ఉండాలి. ఆరు నుంచి పన్నెండు అంగుళాల సందు వదిలి, దాని మీద చిన్న టోపీ కప్పు లేపి, టోపీ అంచు రెండు వైపులా అడుగున్నర బయటికి రావాలి. టోపీ పొట్టిగా ఉంటే ఈదురుగాలి వాన నేరుగా బల్ల మీద పడుతుంది. జాలీ లేకపోతే గబ్బిలాలు కాపురం పెడతాయి.

చూరు ఎంత ముందుకు రావాలో ఎండ, వాన రెండూ చెబుతాయి. దక్షిణం వైపు ఎనిమిదడుగుల తెరుపుకు మూడడుగుల చూరు ఉంటే మార్చి నడుమ నుంచి సెప్టెంబరు చివరి దాకా మిట్టమధ్యాహ్నం ఎండ లోపలికి రాదు; డిసెంబరులో మాత్రం కింది నాలుగున్నర అడుగులు ఎండ వస్తుంది, చలికి అదే కావాలి. తూర్పు పడమరలకు ఈ లెక్క పనికిరాదు, ఎండ అడ్డంగా వస్తుంది. అటు వైపు ఎనిమిదడుగుల వసారా, దాని అంచున వెదురు తడకలో చాపలో వేలాడాలి. వాన లెక్క ఇంకా కటువు: ఏడడుగుల ఎత్తున చూరు ఉండి వాన 45 డిగ్రీల వాలున కొడితే చూరంచు నుంచి ఏడడుగులు లోపలికి తడుస్తుంది. స్తంభం బయటికి నాలుగడుగుల చూరున్నా లోపల మూడడుగులు తడి. కాబట్టి అంచున మూడడుగులు బల్లలు వేయకుండా వదిలేసి, నేలను 80 అడుగులకు ఒక అడుగు చొప్పున బయటికి వాలించండి. అంచున నున్నటి గ్రానైట్ వేస్తే మొదటి వానకే ఎవరో ఒకరు జారిపడతారు. మంటతో కాల్చి గరుకు చేసిన ఫ్లేమ్డ్ గ్రానైట్ కరీంనగర్ క్వారీల వైపు దొరుకుతుంది, లోపలి భాగానికి తాండూరు బండ చాలు.

చూరుకు పైపు తొట్టి కట్టాలా వద్దా అన్నది స్థలాన్ని బట్టి. టేకు ఆకు ఒక్కటి అడ్డం పడితే నాలుగంగుళాల గొట్టం మూసుకుపోతుంది. చెట్ల నడుమ కట్టేవాటికి తొట్టి మానేసి, చూరు నీళ్ళు పడే చోట అడుగున్నర నుంచి రెండడుగుల వెడల్పు కాలువ తవ్వి 40 మిల్లీమీటర్ల కంకర నింపితే నేల కోసుకుపోదు, గోడ మీదికి బురద చింది పడదు. నీళ్ళు పట్టుకోవాలనుకుంటే బయట ఉన్న వంటశాల, ఆఫీసు పెంకు కప్పులకు తొట్టి కట్టండి. వెయ్యి అడుగుల కప్పు, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన, అయిదో వంతు వృథా పోగా 74 వేల లీటర్లు. ప్రతి వానకూ మొదటి వంద లీటర్లు బయటికి వదిలేసే గొట్టం పెట్టాలి.

వెదురు

వెదురు వాడినవాళ్ళలో ఎక్కువమంది నష్టపోయేది పుచ్చు పురుగుతో. కింద సన్నటి పసుపు పిండి రాలుతుందంటే లోపల తొలిచేసినట్టే. ఈ అడవుల్లో ఎక్కువగా దొరికేది సాధనపు వెదురు, లోపల దాదాపు గట్టిగా ఉంటుంది. గట్టిదనం మంచిదే, కానీ బాలీ వీడియోల్లో చూపినట్టు నడుమ పొడవాటి చువ్వ దూర్చి కణుపులు పగలగొట్టడం దీనికి కుదరదు. పద్ధతి ఇది:

1. మూడు నాలుగేళ్ళు ముదిరిన బొంగులే ఎంచుకోవాలి, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు నరికించాలి. వానాకాలం నరికిన దాంట్లో పిండి పదార్థం ఎక్కువ, పురుగుకు అదే తిండి.

2. ప్రతి రెండు కణుపుల నడుమ పక్కల నుంచి ఆరు మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు, ఎదురెదురుగా కాకుండా కొట్టాలి.

3. వంద లీటర్ల నీళ్ళకు ఆరు కిలోల బోరాక్స్, నాలుగు కిలోల బోరిక్ ఆసిడ్. గోరువెచ్చటి నీళ్ళలో అయితే త్వరగా కరుగుతుంది. టార్పాలిన్ పరిచిన గుంతలో పోసి, బొంగులు పూర్తిగా మునిగేలా రాళ్ళు పెట్టి పది రోజులు ఉంచాలి.

4. తీసి నీడలో నిలువుగా నిలబెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి. ఎండలో పడేస్తే చీలుతుంది.

బోరాన్ వానకు కొట్టుకుపోతుంది. మందు పెట్టిన వెదురైనా వాన తగలని చోటే వాడాలి: కప్పు లోపలి వాసాలు, తడకలు, పైకప్పు అల్లిక. బయటి రెయిలింగు, మెట్లు, వంతెనలకు వద్దు. వాడగా మిగిలిన నీళ్ళు చెరువులోకో తోటలోకో వదలకుండా వచ్చే విడతకు దాచిపెట్టండి. తడకలు, చాపల పనికి దగ్గరి ఊరి మేదరివాళ్ళను పెట్టుకుంటే ఏటా మరమ్మతుకు కూడా వాళ్ళే వస్తారు.

పడుకునే అర్ర

గోడకు ఎర్రమట్టి ఇటుక, అంటే సిమెంటు కలిపి ప్రెస్సులో కొట్టినది, బాగుంటుంది. మట్టి సీసా పరీక్ష చేయండి: సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు, బాగా ఊపి ఒక రోజు వదలాలి. కింద ఇసుక పొర మొత్తంలో మూడింట రెండు వంతులు ఉండాలి. తక్కువుంటే ఇసుక కలపండి. సిమెంటు ఆరేడు శాతం, తడిపేది 21 రోజులు. నల్లమట్టి ఒక్క తట్ట కలిసినా ఇటుక పగులుతుంది. గోడ తొమ్మిది అంగుళాలు. పడమర గోడ రెండు వరుసలు, నడుమ రెండంగుళాల సందు.

మందపు గోడ పగటి వేడిని ఆపుతుంది కానీ రాత్రికి దాన్ని కక్కుతుంది. దాన్ని కడగడానికి రాత్రి గాలి కావాలి. కింద రెండడుగుల ఎత్తున ఒక తెరుపు, ఎదుటి గోడకు పైన ఒక తెరుపు, రెండింటికీ తలుపు రెక్కలు, జాలీ, లోపల ఇనుప చువ్వలు. ఎండాకాలం పొద్దున ఎనిమిదిన్నరకు అన్నీ మూయాలి, రాత్రి ఏడు తర్వాత తెరవాలి. సిబ్బందికి ఇది రాసి గోడకు అంటించండి, లేకపోతే గాలి రావాలని మిట్టమధ్యాహ్నమే తెరిచి పెడతారు.

దోమల జాలీ గాలిని సగం దాకా ఆపుతుంది. కాబట్టి కిటికీ మామూలు కన్నా రెట్టింపు పెట్టాలి, లేదా వసారాను జాలీ లేకుండా వదిలి మంచానికే దోమతెర కట్టాలి. రెండోదే చూడ్డానికీ బాగుంటుంది. తొలకరికి ఉసిళ్ళు దీపం చుట్టూ కమ్ముకుంటాయి. భోజనశాల నడుమ తెల్లటి లైటు పెడితే అవి కంచంలోనే పడతాయి. బల్లల దగ్గర పసుపు రంగు, కాంతి తక్కువ దీపాలు, 60 అడుగుల దూరాన ఒక తెల్ల దీపం పెట్టి పురుగును అటు మళ్ళించండి.

ఏప్రిల్, మే నెలల్లో ఏసీ కన్నా నీళ్ళ కూలర్, వట్టివేరు తెర బాగా పనిచేస్తాయి. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతుంది. జూలైలో ఇదే కూలర్ అర్రను ఆవిరి గదిగా మారుస్తుంది, అప్పుడు ఫ్యానే దిక్కు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది, మామూలుది 75. ఎనిమిది పదడుగులకు ఒకటి, రెక్కలు నేలకు ఎనిమిదడుగులు పైన ఉండాలి. తెరిచిన చోట నీళ్ళు పడినా తట్టుకునే ఐపీ రేటింగు ఉన్నవే పెట్టాలి, ప్రతి లైనుకూ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉండాలి.

మురుగు

బాత్‌రూం నీళ్ళు వేరు, మరుగుదొడ్డి నీళ్ళు వేరు గొట్టాల్లో పోవాలి. స్నానం నీళ్ళకు రెండడుగుల లోతు కంకర మడి, అందులో మెట్టతామర. మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్లు లెక్క. నీళ్ళు కంకర పైకి కనబడకూడదు, కనబడితే దోమలే. సెప్టిక్ ట్యాంకు బోరుకు కనీసం 15 మీటర్ల దూరంలో, చెరువుకు ఎగువన కాకుండా పక్కకు ఉండాలి. చెరువు వైపు వాలున పెడితే ఎంత మంచి ట్యాంకైనా వానాకాలం పొంగి అందులోకే పోతుంది.

ఏటా చేసే పనులకు కార్తెలే క్యాలెండర్. రోహిణి కార్తెలో పెంకులు సర్ది తీగలు బిగించి, బోల్టులు తిప్పి చూసి, కంకర కాలువలు తీసి కడిగి, మృగశిర నాటికి ముగించాలి. ఆ బోల్టులు మొదటి ఏడాది తప్పక వదులవుతాయి, కర్ర ఎండి సన్నబడుతుంది కాబట్టి. దసరా తర్వాత వెదురుకు పిండి రాలుతోందా, కర్ర చెప్పుల దగ్గర చెద మట్టి గీతలున్నాయా చూడాలి. చూరుకు తగిలే కొమ్మలు కొట్టేయాలి, కోతులు కప్పు మీదికి దిగే దారి అదే.